గుత్తి నీలి సాలీడును ముట్టుకోకుండా కాపాడుకోవడం ఎలా: నల్లమల అంచు ఊళ్లకు సమగ్ర మార్గదర్శి

ఈ సాలీడు గురించి నెట్‌లో వెతికితే వచ్చేవి ఎక్కువగా దాన్ని గాజు పెట్టెలో ఎలా పెంచుకోవాలో చెప్పేవే. ఎంత తేమ ఉండాలి, ఎన్ని బొద్దింకలు వేయాలి, మగదాన్ని ఎప్పుడు వదలాలి, ఇలా పేజీలకు పేజీలు. అది పుట్టిన అడవి పక్కనే ఉన్న మనం ఏం చేయాలో చెప్పేది మాత్రం ఒక్కటీ నా కంటపడలేదు. అందుకే నంద్యాల, మహానంది, ఆత్మకూరు, గిద్దలూరు వైపు ఉండే టీచర్లను, కాలేజీ పిల్లలను, అడవంటే కాస్త పిచ్చి ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. సాలీడు ఎక్కడ దొరుకుతుందో కనుక్కుందామని వచ్చినవాళ్లకు ఇందులో ఏమీ లేదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నా.

నా లెక్కలో ఈ సాలీడు కోసం వెతకడం కన్నా, ఇది ఉండగలిగే చెట్లను వెతికి, రాసిపెట్టి, నరికేయకుండా చూడటం ఎన్నో రెట్లు ఉపయోగం. కింద చెప్పే పనులన్నీ అక్కడి నుంచే వస్తాయి.

కథ కాస్త తెలియాలి. దీని శాస్త్రీయ నామం పొయెసిలోథీరియా మెటాలికా. 1899లో రెజినాల్డ్ పోకాక్ అనే బ్రిటిష్ జంతు శాస్త్రవేత్త దీన్ని మొదటిసారి వర్ణించారు. ఆ నమూనా దొరికింది అనంతపురం జిల్లా గుత్తిలో, రైల్వే కలప యార్డులో. ఆ తర్వాత వందేళ్ల పాటు ఎవరూ చూసిన దాఖలా లేదు. 2001లో మళ్లీ కనిపించింది, కానీ గుత్తిలో కాదు, అక్కడికి దాదాపు 100 కిలోమీటర్ల ఈశాన్యంగా నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమల అడవిలో. గుత్తికి అది కలపతో పాటు రైలెక్కి వచ్చి ఉంటుందని ఇప్పుడు పరిశోధకులు అనుకుంటున్నారు. కాబట్టి పేరు చూసి గుత్తి కోట చుట్టూ రాళ్లు తిరగేసేవాళ్లు దయచేసి మానేయండి, అక్కడ తేళ్లు తప్ప ఏమీ దొరకవు.

2008లో సంజయ్ మోలూర్, బి.ఎ. డేనియల్, మంజు సిలివాల్ చేసిన అంచనా ప్రకారం ఐయూసీఎన్ (ప్రకృతి సంరక్షణ కోసం పనిచేసే అంతర్జాతీయ సంఘం) దీన్ని 'తీవ్రంగా అంతరించిపోతున్న' జాతుల జాబితాలో చేర్చింది. అప్పటికి అది ఉంటుందని తెలిసిన చోటు మొత్తం కలిపి 100 చదరపు కిలోమీటర్లు కూడా లేదు.

అడుగు 1: అది ఎలా బతుకుతుందో ముందు అర్థం చేసుకోండి

ఈ భాగం దాటేసి నేరుగా టార్చిలైటు పట్టుకుని బయల్దేరేవాళ్లే ఎక్కువ నష్టం చేస్తారు, అందుకే ఓపిగ్గా చదవండి.

ఇది చెట్టు మీద బతికే టరాన్చులా, అంటే ఒళ్లంతా వెంట్రుకలుండే పెద్ద సాలీళ్ల కుటుంబానిది. నేలలో బొరియ తవ్వుకునే రకం కాదు. పాత, ఎత్తయిన చెట్ల తొర్రల్లో, పగిలిన బెరడు సందుల్లో ఉంటుంది. తొర్ర నోటి దగ్గర పట్టుదారంతో వంకరటింకర గరాటులా అల్లుకుని పగలంతా లోపలే ఉంటుంది. రాత్రయితే నోటి దగ్గరికి వచ్చి కూర్చుని దగ్గరికి వచ్చిన పురుగులను పట్టుకుంటుంది, ఎక్కువగా ఎగిరే పురుగులను. వేట కోసం వల కట్టి వేలాడదు, ఎదురుచూసి మీద పడుతుంది.

ఆడది బాగా ఎదిగితే కాళ్లతో కలిపి 15 నుంచి 20 సెంటీమీటర్లు. పదేళ్లు దాటి కూడా బతుకుతుంది. మగది మూడు నాలుగేళ్లకే అయిపోతుంది. పెద్దదయ్యాక తొర్ర వదిలి ఆడదాన్ని వెతుక్కుంటూ తిరుగుతుంది, అంతే. ఆడది ఒకసారికి వంద అటూ ఇటూ గుడ్లు పెట్టి, ఆ గుడ్ల సంచిని కాపలా కాస్తుంది. పిల్లలు కొన్నాళ్లు ఆ తొర్రలోనే, ఆ చుట్టుపక్కలే ఉంటాయి. అంటే ఒక తొర్రలో ఉన్న ఒక్క పెద్ద ఆడ సాలీడును ఎవడో సీసాలో వేసుకుపోతే, పోయింది ఒక్క ప్రాణం కాదు. రాబోయే పదేళ్లలో ఆ చెట్టు నుంచి రావాల్సిన పిల్లలన్నీ పోయినట్టే.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఈ జాతి సాలీళ్లు ఒకే తొర్రలో ఒకటికి మించి ఉండగలవు. తొర్రలున్న చెట్లు తక్కువైన కొద్దీ ఉన్న తొర్రల్లోనే సర్దుకుంటాయి. ఒక చెట్టులో నాలుగు కనిపించాయని "అబ్బో, బాగానే ఉన్నాయే" అనుకోవద్దు, ఆ చుట్టుపక్కల వేరే ఇల్లు దొరక్క అవి అక్కడ ఇరుక్కుని ఉండొచ్చు.

మరి తొర్ర ఎలా వస్తుంది? కొమ్మ విరిగిన చోట నీళ్లు నిలిచి, బూజు పట్టి, లోపలి చేవ కుళ్లుతుంది. వడ్రంగి పిట్టలు, కంసాలి పిట్టలు తొలుస్తాయి, చెదలు తింటాయి. ఇదంతా జరగడానికి దశాబ్దాలు పడుతుంది. టేకు మొక్కలు నాటి పదేళ్లలో అడవి తయారైందని ఫోటోలు దిగొచ్చు, తొర్రలు మాత్రం అలా రావు. రామచిలుకలు, పైడికంటెలు, ఉడుములు, తేనెటీగలు, అన్నీ ఈ తొర్రల కోసమే పోటీ.

అడుగు 2: అనుమతి లేకుండా అడవిలోకి వెళ్లొద్దు

ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు. నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో పెద్ద భాగం గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం, నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం కిందికి వస్తుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అభయారణ్యంలోకి వెళ్లాలంటే అనుమతి పత్రం కావాలి. పరిశోధన కోసమైనా, ఫోటోల కోసమైనా అంతే. డివిజనల్ ఫారెస్ట్ అధికారికి తెలుగులోనే ఒక పేజీ రాసి ఇవ్వండి: ఎవరెవరు వస్తారు, ఏ రోజుల్లో, ఏ దారిలో, ఏం చేస్తారు, ఏం చెయ్యరు. "ఏ జీవినీ పట్టం, ఏ తొర్రనూ కదిలించం, చోటు వివరాలు మీకు తప్ప ఎవరికీ ఇవ్వం" అని స్పష్టంగా రాయండి. కాలేజీ లెటర్‌హెడ్ ఉంటే పని కాస్త తేలికవుతుంది. జవాబు రావడానికి టైం పడుతుంది, టెన్షన్ పడొద్దు, ఈలోపు మూడో అడుగులో చెప్పిన పని చేసుకోండి.

రాత్రిపూట అడవిలో నడక మీ అంతట మీరు ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టుకోవద్దు. పులి, చిరుత, ఎలుగుబంటి ఉన్న అడవి. అటవీ సిబ్బంది తోడు ఉంటేనే.

అడుగు 3: ముందు మీ ఊళ్లో సాధన చేయండి

నల్లమలకు పోయేదాకా ఆగక్కర్లేదు. కర్నూలు చుట్టుపక్కల చిట్టడవుల్లో, చేల గట్ల మీద, బడి ఆవరణలో ఉన్న చింత, వేప, రావి చెట్ల మీద నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

ముళ్ల కంపల మీద, రేగు చెట్ల మీద బూడిద రంగులో చిందరవందరగా, ఎండుటాకులు, పురుగుల రెక్కలు అతుక్కుని ఉన్న పెద్ద గూడు ఎప్పుడైనా చూశారా? అది స్టెగోడైఫస్ అనే సాలీళ్ల కాలనీ, పదుల్లో వందల్లో కలిసి ఉండి కలిసి వేటాడతాయి. సాయంత్రం పూట ఒక చిన్న మిడత అందులో పడితే ఏం జరుగుతుందో చూడండి, సినిమా అక్కర్లేదు. తెల్లవారుజామున మంచు పడ్డ గడ్డి మీద దుప్పటి పరిచినట్టు, ఒక మూల గొట్టంలా లోపలికి పోయే వలలు కనిపిస్తే అవి హిప్పాసా అనే రకానివి. రాత్రి తలకు టార్చి కట్టుకుని నేల మీదికి వెలుగు వేస్తే చుక్కల్లా మెరిసేవి తోడేలు సాలీళ్ల కళ్లు. ఇంట్లో గోడ మీద పరుగెత్తే, పొట్ట కింద తెల్లటి బిళ్లలాంటి గుడ్ల సంచి మోసుకుపోయే పెద్ద సాలీడు హంట్స్‌మన్, అది బొద్దింకలను తింటుంది, చీపురు పక్కన పెట్టండి.

ఈ సాధనలో నేర్చుకోవాల్సింది మూడే. మొదటిది కదలకుండా నిలబడి చూడటం. రెండోది ముట్టుకోకుండా ఫోటో తీయడం. మూడోది చూసింది చూసినట్టు, ఊహ కలపకుండా రాయడం. "పెద్ద నల్ల సాలీడు" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు, "వేప చెట్టు, దక్షిణం వైపు, నేల నుంచి రెండు మీటర్లు, బెరడు సందులో, పొట్ట మీద రెండు తెల్ల చుక్కలు" అని రాయడం అలవాటు కావాలి.

అడుగు 4: సాలీళ్లను కాదు, తొర్రలను లెక్కపెట్టండి

అసలు పని ఇదే. దీనికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు: ఒక టేపు, ఒక నోటుపుస్తకం, పెన్సిల్ (వానలో పెన్ను పనికిరాదు), చిన్న టార్చి, ఒక పుల్లకు కట్టిన చేతి అద్దం, అంతే. అద్దం దేనికంటే, మీ ముఖం తొర్రలో పెట్టకుండా బయట నిలబడి లోపల ఏముందో చూడటానికి. తొర్రలో సాలీడే ఉండాలని ఏముంది, పాము ఉండొచ్చు, తేనెటీగలు ఉండొచ్చు.

అనుమతి వచ్చిన దారిలో ఒక గీత అనుకోండి, ఉదాహరణకు అటవీ శాఖ ఫైర్ లైను (మంటలు పాకకుండా ఖాళీ చేసి ఉంచే దారి). దాని వెంట నడుస్తూ అటూ ఇటూ పది మీటర్లలో ఉన్న ప్రతి పెద్ద చెట్టునూ చూడండి. ఒక్కో చెట్టుకు రాయాల్సినవి: చెట్టు రకం, అంటే నల్లమద్దా, ఏగిసా, చిరుమానా, టేకా, ఇప్పా. చుట్టుకొలత, నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో, మన అటవీ శాఖ వాళ్లు కొలిచేది అక్కడే. బతికి ఉందా, ఎండిపోయిందా. తొర్రలెన్ని, ఒక్కోటి ఎంత ఎత్తులో ఉంది, నోరు ఎంత వెడల్పు, ఎటు చూస్తోంది. చెట్టు మొదలు దగ్గర కాలిన మచ్చ ఉందా. గొడ్డలి దెబ్బ ఉందా. తొర్ర నోట పట్టుదారం ఉందా, అది తాజాగా ఉందా, దుమ్ము పట్టి చిరిగి ఉందా. కింద గానీ, దారానికి అతుక్కుని గానీ సాలీడు విడిచిన పాత చర్మం ఉందా. సాలీళ్లు ఎదిగే కొద్దీ చర్మం విడుస్తాయి కాబట్టి ఇది పగలు కూడా దొరికే మంచి ఆధారం, దాన్ని స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసి అక్కడే వదిలేయండి.

ఏమీ కనిపించకపోతే "లేదు" అని రాయండి. ఇది చాలామంది చెయ్యరు. ఖాళీ చెట్లను రాయకుండా వదిలేస్తే, సాలీడు ఉన్న చెట్టుకు, లేని చెట్టుకు తేడా ఏమిటో ఎప్పటికీ తేలదు. అటవీ శాఖకు రేపు ఏ చెట్లు ముఖ్యమో చెప్పాలంటే ఈ "లేదు"లే ఆధారం.

చెయ్యకూడనివి కూడా ఇక్కడే చెప్పాలి. తొర్రలో పుల్ల పెట్టి కదిలించొద్దు, పొగ పెట్టొద్దు, నీళ్లు పొయ్యొద్దు, బెరడు ఊడదీసి చూడొద్దు. ఒకసారి ఊడదీసిన బెరడు మళ్లీ అతుక్కోదు, ఆ సందు అక్కడితో సరి. చెట్టుకు మేకులు కొట్టి నంబర్లు వేలాడదీయొద్దు, రంగుతో గుర్తులు పెట్టొద్దు. మీకు దారి చూపించే గుర్తే దొంగకూ దారి చూపిస్తుంది.

చెంచుల గురించి ఒక మాట. తేనె కోసం చెట్లెక్కే వాళ్లకు ఏ చెట్టుకు ఎక్కడ తొర్ర ఉందో తెలిసినంతగా మనకెవరికీ తెలియదు. పులుల అభయారణ్యంలో ప్రొటెక్షన్ వాచర్లుగా పనిచేస్తున్నవాళ్లలో కూడా చెంచులు చాలామంది. వాళ్ల సాయం తీసుకుంటే ఆ రోజు కూలి కచ్చితంగా ఇవ్వండి, "మీ అడవే కదా" అని ఉత్తి చేతులతో పంపడం న్యాయం కాదు. అడిగే తీరు కూడా ముఖ్యం. "అన్నా, నీలం సాలీడు యాడుంటాది?" అని అడిగితే మీకూ, కొనడానికి వచ్చినోడికీ తేడా ఏముంది? "పెద్దాయనా, ఈ పక్క పాత తొర్ర మాన్లు ఏమన్నా మిగిలినాయా, మీ చిన్నప్పుడు ఎట్లుండె?" అని అడగండి. చెట్ల గురించి మొదలుపెడితే మిగతావన్నీ వాళ్లే చెబుతారు. వాళ్ల పేర్లు, గూడెం పేరు మాత్రం ఎక్కడా బయట పెట్టొద్దు, రేపు దొంగలు నేరుగా వాళ్ల గుమ్మం ముందుకే వస్తారు.

అడుగు 5: కనిపిస్తే గుర్తుపట్టడం, ఫోటో తీయడం

ఎదిగిన ఆడదైతే పొరపాటు పడే అవకాశం తక్కువ. ఒళ్లంతా మెరిసే నీలం, పొట్ట మీదా, తల భాగం మీదా తెలుపు, బూడిద రంగుల్లో ముగ్గు వేసినట్టు చిక్కటి గీతలు, కాళ్ల కీళ్ల దగ్గర పసుపు మచ్చలు. పిల్లలకు ఈ నీలం అంతగా ఉండదు, ఎదిగే కొద్దీ తేలుతుంది. ముదిరిన మగదానిలో మళ్లీ వెలిసిపోయినట్టు ఉంటుంది, ఒళ్లు సన్నం, కాళ్లు పొడుగు. తూర్పు కనుమల్లో దీని చుట్టాలు వేరేవి ఉన్నాయి, పొయెసిలోథీరియా రీగాలిస్ లాంటివి. అవి బూడిద రంగువి, వాటికీ ముందు కాళ్ల అడుగున పసుపు ఉంటుంది. కాబట్టి పసుపు ఒక్కటే చూసి "దొరికింది" అని కేకలు పెట్టొద్దు.

ఈ నీలం రంగుపదార్థం వల్ల వచ్చేది కాదు. ఒంటి మీది వెంట్రుకల్లో ఉండే అతి సూక్ష్మమైన పొరల నిర్మాణం నీలం వెలుగును మాత్రమే వెనక్కి కొడుతుంది. 2015లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం టరాన్చులాల్లో ఈ నీలం వేర్వేరు కుటుంబ శాఖల్లో విడివిడిగా కనీసం 8 సార్లు పుట్టుకొచ్చింది, అన్నింటిలోనూ దాదాపు 450 నానోమీటర్ల దగ్గరి అదే నీలం. ఎందుకో అంత సులువుగా తేలే విషయం కాదు, వీటి చూపు అంతంతమాత్రమే కాబట్టి జతను ఆకర్షించడానికి అనుకోవడం కష్టమని ఆ అధ్యయనం చేసినవాళ్లు అన్నారు. ఇదంతా మీకెందుకంటే, జీవులు బెదరవని రాత్రిపూట ఎర్ర టార్చి వాడమని చెబుతారు, మంచిదే. కానీ ఎర్ర వెలుగులో నీలం ఉండదు కాబట్టి ఈ సాలీడు ఉత్త నల్లగా కనిపిస్తుంది. ఎర్ర వెలుగుతో వెతకండి, కనిపించాక తెల్ల వెలుగును పక్క నుంచి రెండు మూడు సెకన్లు వేసి ఒకటి రెండు ఫోటోలు తీసుకుని ఆపేయండి. ఎదురుగా ఫ్లాష్ కొట్టొద్దు.

చేయి దూరం కన్నా దగ్గరికి పోవద్దు. ఇది కదిలిందంటే కంటికి ఆనదు, మొదట పారిపోవాలనే చూస్తుంది. ముందు కాళ్లు పైకెత్తి పసుపు చూపించిందంటే మీరు అప్పటికే ఎక్కువ దగ్గరికి వచ్చారని అర్థం, వెనక్కి తగ్గండి. ఒక చెట్టు దగ్గర ఐదు నిమిషాలకు మించి ఉండొద్దు.

అడుగు 6: చోటు దాచడం

నన్నడిగితే ఫోటో తీయడం కన్నా ఈ అడుగు పది రెట్లు ముఖ్యం. అంత చిన్న చోట బతికే జీవికి ఒక చెట్టు చిరునామా బయటపడటమంటే, బ్యాంకు లాకరు తాళం రోడ్డు మీద పారేసినట్టే.

మొదట ఫోన్ కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆఫ్ చేయండి. లేకపోతే ప్రతి ఫోటోలో అక్షాంశ రేఖాంశాలు చేరిపోతాయి. మామూలుగా వాట్సాప్‌లో ఫోటో పంపితే ఆ వివరాలు పోతాయి, కానీ క్వాలిటీ తగ్గకూడదని డాక్యుమెంట్‌గా పంపితే అలాగే వెళ్లిపోతాయి. చాలామంది చేసేది అదే. లొకేషన్ నోటుపుస్తకంలో రాసుకోండి, లేదా వేరే జీపీఎస్‌లో పెట్టుకోండి, ఆ కాపీ అటవీ శాఖకు ఒక్కదానికే ఇవ్వండి.

తర్వాత ఫోటోలో వెనక ఏముందో చూసుకోండి. కిలోమీటరు రాయి, వంతెన, రైలు కట్ట, గుడి గోపురం, బోర్డు, ఏదున్నా కత్తిరించండి. రీల్స్ తీసేవాళ్లు దారి పొడవునా వీడియో తీసి "ఫ్రెండ్స్, ఇప్పుడు మనం ఎడమ పక్కకి తిరిగాం" అని చెబుతుంటారు, అంతకన్నా పెద్ద సాయం దొంగలకు ఎవరూ చెయ్యలేరు.

ఐనేచురలిస్ట్ లాంటి, చూసిన జీవుల ఫోటోలు నమోదు చేసే సైట్లలో పెట్టడం మంచిదే, శాస్త్రవేత్తలు చూస్తారు. ముప్పులో ఉన్న జాతులకు అక్కడ చోటు దానంతటదే మసకబారుతుంది, సుమారు 20 కిలోమీటర్ల పైచిలుకు వెడల్పున్న గడిలో ఎక్కడో ఒకచోట చుక్క పడుతుంది. కానీ ఒక చిక్కు ఉంది. మీరు మొదట "సాలీడు" అనో, వేరే పేరుతోనో పెడితే ఆ రక్షణ పనిచెయ్యదు, అసలు చోటు అందరికీ కనిపిస్తుంది. అందుకని జియోప్రైవసీ దగ్గర మీరే 'ప్రైవేట్' అని పెట్టి, ఆ తర్వాతే అప్‌లోడ్ నొక్కండి. అదే రోజు అదే దారిలో తీసిన పిట్టల ఫోటోలు కూడా చోటుతో సహా పెట్టొద్దు, తేదీలు కలిపి చూస్తే ఎవరైనా పట్టేస్తారు.

అడుగు 7: చెట్టును నిలబెట్టడం

ఎండిపోయిన తొర్ర చెట్టంటే అందరికీ లోకువే. కట్టెలకు పోయేవాళ్లు ముందు దానికే గొడ్డలి వేస్తారు, "ఎట్లాగూ సచ్చిపోయిన మానే కదా" అంటారు. పచ్చని చెట్టు కొట్టకూడదని తెలిసిన మంచివాళ్లు కూడా ఎండింది కొడతారు, వాళ్లను తప్పు పట్టలేం, మనం ఇన్నాళ్లూ చెప్పింది అదే మరి. ఇప్పుడు మార్చి చెప్పాలి: కింద రాలిన కొమ్మలు, సన్న పుల్లలు తీసుకోండి, నిలబడి ఉన్న తొర్ర చెట్టు ఎండిందైనా వదిలేయండి. కట్టెలు మానేయండి అని గుడ్డిగా చెప్పడం వల్ల ప్రయోజనం లేదు. దీపం పథకం సిలిండరు వచ్చిన ఇంట్లో కూడా నీళ్లు కాగబెట్టడానికి, పెళ్లిళ్లకి కట్టెలే. ఊరి బయట బీడు భూమిలో సర్కారు తుమ్మ కావలసినంత ఉంది, కట్టెల అవసరం అటు మళ్లించగలిగితే అడవి మీద ఒత్తిడి నిజంగా తగ్గుతుంది.

మంటలు ఇంకో సంగతి. ఫిబ్రవరి నుంచి మే దాకా నల్లమలలో ఆకు రాలి నేలంతా ఎండి ఉంటుంది. మామూలు చెట్టు మొదలు కాస్త కాలినా బతుకుతుంది, తొర్ర చెట్టు అలా కాదు, మొదట్లో నిప్పు అంటుకుంటే లోపలి ఖాళీ గాలిని పైకి లాగి, లోపలి నుంచే నిలువునా కాలిపోతుంది. అందుకే మీ తొర్రల జాబితాలో ముఖ్యమైన చెట్ల చుట్టూ వేసవికి ముందే ఎండుటాకు ఊడ్చి ఒకటి రెండు మీటర్లు ఖాళీ చేయమని రేంజ్ అధికారిని అడగండి. పెద్ద ఖర్చు లేని పని. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల వన్ అగ్ని పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే, ఉపగ్రహాలు పసిగట్టిన మంటల సమాచారం ఫోనుకే వస్తుంది. ఊరికి ఇద్దరు నమోదు చేసుకున్నా చాలు.

పంచాయతీలో చేయగలిగింది కూడా ఉంది. జీవవైవిధ్య చట్టం, 2002 కింద ప్రతి పంచాయతీకి ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ఒక ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. చాలాచోట్ల ఆ రిజిస్టరు బీరువాలో పడి ఉంటుంది. దాన్ని బయటికి తీయించి ఊరి పరిధిలోని పాత తొర్ర చెట్లను ఎక్కించండి, సాలీడు పేరు రాయక్కర్లేదు, చెట్టు రాస్తే చాలు. రేపు రోడ్డు వెడల్పనో, లైను వేయాలనో చెట్టు కొట్టడానికి వస్తే చూపించడానికి ఒక కాగితం ఉంటుంది. వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే ముందు అనుమతి తీసుకోవాలని కూడా గుర్తుచేయండి.

అడుగు 8: భయం పోగొట్టడం, కాటు సంగతి

ఈ జాతి సాలీడు కాటుతో మనిషి చనిపోయినట్టు నమోదైన దాఖలా లేదు. అలాగని ఉత్త చీమ కాటు అని కూడా చెప్పను. నొప్పి గట్టిగా ఉంటుంది, వాపు వస్తుంది, కండరాలు పట్టేస్తాయి, ఆ పట్టేయడం కొన్ని రోజుల తర్వాత మళ్లీ తిరగబెట్టవచ్చు కూడా. కరిస్తే సబ్బుతో కడిగి, చేయి కదలకుండా పెట్టి, ఆసుపత్రికి వెళ్లండి. కోయడం, పీల్చడం, గట్టిగా తాడు కట్టడం, పసరు పూయడం, ఏవీ వద్దు. పాము కాటుకిచ్చే విరుగుడు మందు దీనికి పనిచెయ్యదు, నొప్పికి, కండరాల పట్టుకు డాక్టరు మందులిస్తారు. అమెరికా ఖండాల టరాన్చులాల్లా వెంట్రుకలు విదిలించి దురద పుట్టించడం దీనికి తెలియదు.

అడవి అంచు ఇంట్లోకి ఎప్పుడైనా తిరుగుతున్న మగది వస్తే, వెడల్పాటి డబ్బా బోర్లించి, కింద నుంచి అట్ట తోసి, అటవీ సిబ్బందికి ఫోన్ చేయండి. వాళ్లు వచ్చేదాకా డబ్బా నీడలో ఉంచండి, ఊళ్లోవాళ్లందరికీ తెరిచి చూపించే జాతర పెట్టొద్దు.

అడుగు 9: కొనేవాళ్లు వస్తే

"మేము పెంచి పిల్లల్ని చేసి మళ్లీ అడవిలో వదులుతాం, ఇది కూడా సంరక్షణే" అనేవాళ్లు తగులుతారు. విదేశాల్లో వేలం వెర్రిగా పెంచుతున్న ఈ సాలీళ్లలో ఒక్కదాన్నయినా నల్లమలకు తెచ్చి వదిలే ప్రయత్నం నేను వినలేదు. ఏ తల్లికి పుట్టాయో తెలియనివి, అన్నాచెల్లెళ్ల మధ్యే జత కట్టించినవి తెచ్చి వదిలితే మేలు కన్నా కీడే ఎక్కువ. పైగా తొర్ర లేని అడవిలో వదిలి ఏం లాభం?

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 2019లో జెనీవాలో జరిగిన సైటిస్ (అడవి జీవుల వ్యాపారాన్ని దేశాల మధ్య అదుపు చేసే ఒప్పందం) సమావేశంలో పొయెసిలోథీరియా జాతులన్నిటినీ రెండో అనుబంధంలో చేర్చారు, అంటే అనుమతి పత్రాలు లేకుండా దేశాలు దాటించడం నేరం. 2022లో మన వన్యప్రాణి చట్టాన్ని సవరించి సైటిస్ జాబితాలోని జీవులను కూడా అందులోకి తెచ్చారు. అభయారణ్యం నుంచి పట్టుకెళ్లడం ఎలాగూ నేరమే.

అనుమానం రావాల్సిన సందర్భాలు కొన్ని: రాత్రిపూట అడవి అంచు లాడ్జిలో దిగి, పగలంతా పడుకునేవాళ్లు. చిన్న చిన్న గుండ్రటి ప్లాస్టిక్ డబ్బాలు, మూతలకు బెజ్జాలు పెట్టినవి, బ్యాగు నిండా ఉన్నవాళ్లు. పశువుల కాపరి పిల్లలకు ఫోన్లో నీలి సాలీడు ఫోటో చూపించి "ఒక్కోదానికి ఇంత ఇస్తాం" అనేవాళ్లు. బడి పిల్లలకు ఈ మూడో సంగతి తప్పకుండా చెప్పండి, ఎందుకంటే మొదట అడిగేది వాళ్లనే.

అలాంటివాళ్లు కనిపిస్తే మీరు గొడవకు దిగొద్దు, వీడియో తీస్తూ వెంటపడొద్దు. బండి నంబరు, టైము, ఎటు వెళ్లారు, ఎంతమంది అనేవి రాసుకుని బీట్ ఆఫీసరుకో, రేంజ్ ఆఫీసుకో ఫోన్ చేయండి. ఆ నంబర్లు అవసరం పడ్డాక వెతకడం కాదు, ఇవాళే ఫోన్లో వేసుకోండి. నల్లమలలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి కాగితం మీద కూడా రాసి పర్సులో పెట్టుకోండి.